కిలోమీటరుకు రూపాయేనా? కరెంటు కారు అసలు లెక్క

[తెర మీద: హైదరాబాద్‌లో ఓ అపార్ట్‌మెంట్ సెల్లార్. కారు ఛార్జింగ్‌లో ఉంది. యాంకర్ చేతిలో కరెంటు బిల్లు.]

నమస్కారమండీ. కరెంటు కారు చూద్దామని షోరూంకి వెళ్తే సేల్స్ కుర్రాడు ముందు చెప్పేది ఒకటే: "కిలోమీటరుకు రూపాయే సార్!" పూర్తిగా అబద్ధమేం కాదు. కాకపోతే ఆ రూపాయి లెక్క మన ఇంటి బిల్లు చూసి వేసింది కాదు. ఇదిగో, ఇది మా బిల్లు. దీన్ని పట్టుకునే మాట్లాడుకుందాం.

[బిల్లు దగ్గరగా. శ్లాబుల వరుస కనపడాలి.]

కారు రాకముందు మా ఇంట్లో నెలకు 250 యూనిట్లు కాలేవి. నేను రోజుకు నలభై కిలోమీటర్లు తిరుగుతాను, అంటే నెలకు 1,200. ఊళ్లో యూనిట్‌కు ఆరు కిలోమీటర్లు వస్తున్నాయి. మీటర్ నుంచి బ్యాటరీకి చేరేలోపు వృథా అయ్యే కరెంటు కూడా ఇందులోనే లెక్క. అంటే నెలకు 200 యూనిట్లు అదనం.

చాలామంది పొరపడేది ఇక్కడే. ఈ 200 యూనిట్లు కింది శ్లాబులో పడవు. ఫ్రిజ్జు, గీజరు, ఏసీ అన్నీ తిన్నాక పైన వచ్చి కూర్చుంటాయి. తెలంగాణ టారిఫ్ ప్రకారం 300 దాకా యూనిట్ 7.70, నాలుగొందల దాకా 9, ఆ పైన 9.50. మొత్తం 1,760 రూపాయలు. కిలోమీటరుకు రూపాయిన్నర పడ్డట్టు.

మరి పెట్రోలు? లీటరుకు పదిహేను ఇచ్చే కారైతే ఎనభై లీటర్లు కావాలి. లీటరు 107 వేసుకున్నా 8,560. చేతి చమురు వదలడం అంటే ఇదే. నెలకు 6,800 మిగులుతోంది కాబట్టి ఆ కుర్రాడి మీద నాకు కోపమేం లేదు లెండి.

[కెమెరా గోడ వెంబడి పోయే కేబుల్ మీదుగా మీటర్ బోర్డు దాకా వెళ్తుంది.]

అయితే ఈ లెక్కంతా ఈ వైరు ఉంటేనే. సొంతిల్లయితే గొడవ లేదు. అపార్ట్‌మెంట్‌లో మాత్రం అసోసియేషన్‌ను ఒప్పించాలి. మా దగ్గర మూడు మీటింగులు పట్టింది. "అందరి కరెంటూ నువ్వే లాగేస్తే ఎలా?" అన్నారొకాయన. నా మీటర్ నుంచే లాక్కుంటున్నానని బోర్డు దగ్గరికి తీసుకెళ్లి చూపిస్తే గానీ నమ్మలేదు. ఉన్న కనెక్షన్ మీదే ఇంట్లో కారు ఛార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాల్లోనే ఉంది. ఆ కాగితం ప్రింటు తీసి జేబులో పెట్టుకోండి, పనికొస్తుంది.

గోడకు బిగించే పెద్ద ఛార్జర్, అదే వాల్‌బాక్స్, లేకపోతే కుదరదేమో అని టెన్షన్ పడక్కర్లేదు. 15 ఆంప్స్ సాకెట్ గంటకు మూడు యూనిట్ల పైచిలుకు ఇస్తుంది. నా నలభై కిలోమీటర్లకు రెండున్నర గంటలు చాలు. పడుకునేముందు పెట్టి పొద్దున తీయడమే. వైరు, ఎర్తింగ్ దగ్గర మాత్రం పీనాసితనం వద్దు. గంటల తరబడి లోడ్ లాగుతుంది కాబట్టి పాత సాకెట్ అయితే వేడెక్కి కరిగిపోతుంది. మీ కనెక్షన్‌కు మంజూరైన లోడ్ (శాంక్షన్డ్ లోడ్) ఒకటి, రెండు కిలోవాట్లే ఉంటే పెంచమని డిస్కమ్‌కు, అంటే కరెంటు సరఫరా సంస్థకు, ముందే దరఖాస్తు పెట్టుకోండి.

పార్కింగ్‌లో సాకెట్ పెట్టుకునే వీలే లేదా? అప్పుడు బయటి ఫాస్ట్ ఛార్జర్లే దిక్కు. జీఎస్టీతో కలిపి యూనిట్ ఇరవై రూపాయల చుట్టుపక్కల. కిలోమీటరుకు మూడు రూపాయల పైమాటే. పెట్రోలు కన్నా తక్కువే, ఒప్పుకుంటాను. కానీ వారానికి రెండుసార్లు గంటేసి సేపు కారులో కూర్చుని ఫోన్ చూసుకోవాలి. అలాంటివాళ్లకు నేనైతే ఇప్పుడే కొనమని చెప్పను.

[విజయవాడ హైవే దృశ్యాలు.]

ఊరికి వెళ్లే సంగతి. హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 275 కిలోమీటర్లు. 45 యూనిట్ల బ్యాటరీ ఉన్న టాటా నెక్సాన్‌కు కంపెనీ చెప్పే రేంజ్ 489. ఏసీ వేసుకుని వందలో వెళ్తే మూడొందలు వస్తే గొప్పే. కాబట్టి దారిలో ఒక్కసారి ఆగాలి. మొదటిసారి సూర్యాపేట దగ్గర ఆగితే ఛార్జర్ తెర వెలగలేదు. యాప్‌లో మాత్రం పచ్చగా "అందుబాటులో ఉంది" అని చూపిస్తోంది! బ్యాటరీ అడుగంటేదాకా ఆగలేదు కాబట్టి ఇంకోచోటికి పోగలిగాం. ముప్పై శాతం ఉండగానే ఆగడం అప్పటినుంచి అలవాటు చేసుకున్నా. ఎనభై శాతం దాటాక ఛార్జింగ్ నత్తనడకే, అక్కడితో తీసేసి బయల్దేరడం మంచిది.

[తెర మీద అంకెలు.]

కొనేటప్పటి ఖర్చు చూద్దాం. కరెంటు కారు (ఈవీ) మీద జీఎస్టీ 5 శాతమే. తెలంగాణలో 2026 డిసెంబర్ 31 దాకా రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు రెండూ లేవు. పన్నెండు లక్షల పెట్రోలు కారుకు రోడ్ ట్యాక్సే రెండు లక్షలు దాటుతుంది, కాబట్టి ఎక్స్-షోరూం కాకుండా పన్నులన్నీ కలిసిన ఆన్‌రోడ్ ధరలు పోల్చుకోండి.

ఇన్సూరెన్స్‌లో ఓ చిత్రం ఉంది. థర్డ్ పార్టీకి 15 శాతం తగ్గింపు ఇచ్చామంటారు. కానీ మోటారు 65 కిలోవాట్లు దాటితే ఏడాదికి 6,712. దాదాపు అదే సైజున్న 1,200 సీసీ పెట్రోలు కారుకు 3,416 మాత్రమే. ఆయిల్ మార్చే పని లేదు కాబట్టి సర్వీసులో కొంత తిరిగి వస్తుందనుకోండి. బండి బరువు, పికప్ వల్ల టైర్లు మాత్రం త్వరగా అరుగుతాయి.

బ్యాటరీ అద్దె స్కీమ్ గురించి చాలామంది అడిగారు, అంటే బ్యాటరీ లేకుండా కారు కొని, బ్యాటరీకి కిలోమీటరు లెక్కన అద్దె కట్టడం. 2024 సెప్టెంబర్‌లో ఎంజీ విండ్సర్ కారు వచ్చినప్పుడు కిలోమీటరుకు మూడున్నర అద్దె అన్నారు. దానికి మా ఇంటి కరెంటు రూపాయిన్నర కలిపితే ఐదు. నెలకు 1,200 తిరిగే నాకు మిగిలేదాంట్లో సగానికి పైగా ఆ అద్దెకే పోయేలా ఉంది. చేతిలో డబ్బు తక్కువున్నవాళ్లకు సరే.

బ్యాటరీ పోతే? చాలా కంపెనీలు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి. నన్ను రోడ్డు మీద ఆపింది ఆ పెద్ద బ్యాటరీ కాదు, మామూలు కార్లలో ఉండే చిన్న పన్నెండు వోల్టుల బ్యాటరీ. అది చచ్చిపోతే పెద్దది ఎంత నిండుగా ఉన్నా బండి మేల్కోదు.

[యాంకర్ టేపు తీసి గోడ కొలుస్తుంటాడు.]

షోరూంకి వెళ్లేముందు ఓసారి సెల్లార్‌లోకి దిగి, మీ మీటర్ నుంచి పార్కింగ్ దాకా ఎన్ని మీటర్లుందో కొలవండి. మాకు ముప్పై రెండు వచ్చింది. మీకెంతొచ్చిందో కామెంట్‌లో రాయండి, కేబుల్ ఏ సైజుదో చెప్తాను.