మూడో ప్లేటు

మా వర్క్‌షాపు మాస్టారిని తలుచుకునే ఈ సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ ఇప్పటికే విన్నారు, నేను మళ్ళీ చదవను. మాస్టారు ఫిట్టరుగా ఎప్పుడు చేరారో, బోధనలోకి ఎప్పుడొచ్చారో మీ చేతిలోని కాగితంలో ఉంది. నేను ఇనుమును అరగదీసే ఆకురాయి గురించి మాట్లాడతాను.

ఆకురాయి ముందుకు తోసినప్పుడే కోస్తుంది. వెనక్కి లాగేటప్పుడు ఒత్తితే దాని పళ్ళు పాడవుతాయి. తోపు మొదట్లో ఎడమచేతి బరువు ఎక్కువ, మధ్యలో రెండు చేతులదీ సమానం, చివరికొచ్చేసరికి కుడిచేతిది ఎక్కువ. ఇది కుదరకపోతే ఆకురాయి ఊగుతుంది, ముక్క మధ్యలో ఉబ్బుతుంది. ఇదంతా పుస్తకంలో ఉంది. ఉన్నా చేతికి రాదు. మాస్టారు వెనక నిలబడి, మన చేతుల మీద తన చేతులు వేసి నాలుగు తోపులు తోయించేవారు. "తెలిసిందా?" అనేవారు. తెలిసేది.

మా బ్యాచ్‌లో ఒకడు రెండు ఇనప ప్లేట్లు స్క్రేప్ చేశాడు, అంటే ఎత్తుగా ఉన్నచోట గీకి చదును చేశాడు. ఒకదానికి ప్రష్యన్ బ్లూ అనే నీలిరంగు పూసి రెండోదాని మీద రుద్దితే రంగు అంతటా సమానంగా అంటింది. "రెండూ సమతలం, సార్" అన్నాడు.

"ఒకటి కాస్త ఉబ్బి, రెండోది అంతే గుంటపడినా ఇలాగే అంటుంది కదరా?"

"మరెలా సార్?"

"మూడోది చెయ్యి."

మూడింటినీ మార్చి మార్చి కలిపి చూస్తూ గీకాలి. ఏ రెండు కలిపినా సరిగ్గా అతికితే ఇక అనుమానం లేదు. ఉబ్బూ ఉబ్బూ కలవవు, గుంటా గుంటా కలవవు. 1840లో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లీషు ఇంజనీరు గ్లాస్గోలో శాస్త్రవేత్తల సభలో ఇలాంటి సమతలాల గురించే వ్యాసం చదివాడు. ఆ విట్‌వర్త్ పనిచేసింది లండన్‌లో హెన్రీ మాడ్స్‌లే వర్క్‌షాపులో. పేరున్న ఇంజనీర్లు నాస్మిత్, రాబర్ట్స్ కూడా అక్కడ పనిచేసినవాళ్ళే. మాడ్స్‌లే పన్నెండేళ్ళకే పనిలో చేరినవాడు. ఆయనకు ఏ డిగ్రీ ఉంది?

డిగ్రీ మాటొచ్చింది కాబట్టి రాసుకొచ్చిన కాగితం పక్కన పెడుతున్నాను. మాస్టారు బోధనలో చేరిన హోదాలోనే రిటైరయ్యారు. ప్రమోషన్ అడిగినప్పుడల్లా డిగ్రీ లేదన్నారు. ఆయన దగ్గర ఆకురాయి పట్టడం నేర్చుకున్నవాళ్ళే చదువుకుని వచ్చి ఆయనకు పైఅధికారులయ్యారు. ప్రాక్టికల్ పరీక్షలో ముక్క చూసి మార్కు చెప్పేది ఆయన, కాగితం మీద సంతకం ఇంకొకరిది. అలా సంతకం పెట్టినవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. చెయ్యెత్తమని అడగను. అమ్మగారూ, మీ ముందు ఈ మాటలంటున్నందుకు ఏమీ అనుకోకండి. ఆయన ఇంట్లో కూడా ఎప్పుడూ అని ఉండరు.

టైమైందని చీటీ పంపారు. ఒక్క నిమిషం.

ఆయన ఫోటో పెడతామంటున్నారు, సంతోషం, పెట్టండి. కానీ వర్క్‌షాపులో స్క్రేపింగ్ నేర్పడం మానేశారట. గ్రైండింగ్ మెషిన్ ఉందిగా అంటున్నారట. ఆ మెషిన్ బల్ల జారే పట్టాలు, అదే గైడ్లు, అరిగిపోతే సరిచేసేదెవరండీ? ప్రిన్సిపాల్ గారూ, వారానికో పూట చాలు, బయటి నుంచి ఒక ఫిట్టరును రానివ్వండి. డిగ్రీ అడక్కండి. రిటైరైనవాళ్ళు వెనక వరసల్లో చాలామంది కనిపిస్తున్నారు. స్క్రేపర్ పట్టగలిగినవాళ్ళు సభ అయ్యాక వెళ్ళిపోకుండా నాకు పేర్లివ్వండి. ప్రిన్సిపాల్ గారి దగ్గరికి కలిసే వెళదాం.