తూకానికి వేసే ముందు

శ్రోతలకు నమస్కారం.

వీధిలో పాత సామాన్ల బండి కేక వినబడగానే అటక మీది మిక్సీ, మూలనున్న కూలరు, తిరగని టేబుల్ ఫ్యాను అన్నీ గుర్తుకొస్తాయి. కిలోకింతని బేరమాడి ఇచ్చేస్తాం. బాగున్న స్విచ్చూ, తెగని వైరూ, మొన్నే కొన్న జారూ కూడా ఇనుముతో పాటే తూగిపోతాయి. ఇచ్చే ముందు ఒక పూట ఆ సామానుతో కూర్చోండని అడగడానికే ఈవేళ మాట్లాడుతున్నాను.

మిక్సీ సంగతే చూద్దాం. అసలది పోయిందో లేదో ముందు తేల్చుకోవాలి. ప్లగ్గు తీసి తిరగేయండి. చాలా మిక్సీలకి అడుగున ఒక చిన్న ఎర్ర బటన్ ఉంటుంది. గట్టి పిండో, ఎండుకొబ్బరో మోతాదుకి మించి వేసి తిప్పితే, మోటారు కాలిపోకుండా ఆ బటన్ బయటికి తన్నుకొచ్చి కరెంటు ఆపేస్తుంది. కాసేపు చల్లారనిచ్చి లోపలికి నొక్కితే మిక్సీ మళ్ళీ తిరుగుతుంది. ఇది తెలియక అటకెక్కిన మిక్సీలు నేను చాలా చూశాను.

నొక్కినా తిరగకపోతే అప్పుడు విప్పండి. ఒక్కో దశలో ఫోన్‌తో ఫొటో తీసుకుంటే ఏ వైరు ఎక్కడిదో మర్చిపోరు. మోటారుకి రెండు పక్కలా చిన్న గూళ్ళలో నల్లటి దిమ్మలుంటాయి, వెనక స్ప్రింగులతో. వాటిని కార్బన్లంటారు. తిరిగే భాగాన్ని రాసుకుంటూ దానికి కరెంటు అందించడం వాటి పని, అందుకే అరుగుతాయి. అరిగిపోతే కొత్తవి వేయించండి, చాలాసార్లు మోటారు బతుకుతుంది. మోటారులో చుట్టిన రాగి తీగే వైండింగు. అదే మాడితే ఆ వాసన మూత తీయగానే తెలిసిపోతుంది. అప్పుడు జారుని తిప్పే పళ్ళ చక్రం, అంటే కప్లరు, స్విచ్చు, అడుగు రబ్బర్లు, వైరు తీసి దాచుకోండి.

ఫ్యాన్లు, కూలర్లు, వాషింగ్ మెషీన్ల దగ్గర ఇంకో జాగ్రత్త కావాలి. మా మావయ్యకి మోటారు వైండింగ్ షాపు ఉండేది. ఒక వేసవిలో నేను కూలరు ప్లగ్గు పీకి, ధైర్యంగా లోపల చెయ్యి పెట్టాను. చెయ్యి ఒక్కసారి జిల్లుమని వెనక్కి వచ్చి రేకు అంచుకి కోసుకుపోయింది. మావయ్య కట్టు కడుతూ, "గోడలో కరెంటు తీశావు సరేనమ్మా, కండెన్సర్‌లో కరెంటు ఎవరు తీస్తారు?" అన్నాడు.

కండెన్సర్ అంటే మోటారు తిరగడానికి సాయపడే చిన్న డబ్బా, కరెంటుని తనలో దాచుకుంటుంది. ప్లగ్గు తీసిన తరవాత కూడా అందులో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. మావయ్య పద్ధతే నేటికీ నాది. హోల్డర్‌కి రెండు వైర్లు బిగించి, 60 వాట్ల పాతకాలపు ఫిలమెంటు బల్బు పెట్టి, వైర్ల కొసలు కండెన్సర్ రెండు కొసలకీ కొన్ని క్షణాలు ఆనించాలి. చేతి వేళ్ళు ప్లాస్టిక్ తొడుగు మీదే ఉండాలి. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు. బల్బు వెలగకపోయినా ఛార్జి దిగిపోతుంది. వోల్టులు కొలిచే మీటరుంటే సున్నా చూపిస్తోందో లేదో కూడా చూసుకోండి. ఫ్యాన్లకి ఎక్కువగా 2.5 మైక్రోఫారడ్ కండెన్సర్ వాడతారు, అది దాని సామర్థ్యం కొలత. మీరు తీసింది బాగుంటే, నెమ్మదిగా తిరిగే ఇంకో ఫ్యానుకి పనికొస్తుంది, రెండిటి మీదా అంకె ఒకటే అయితే.

మైక్రోవేవ్ మాత్రం విప్పవద్దు. అందులోని కండెన్సర్ రెండు వేల వోల్టుల దగ్గర పని చేస్తుంది, పొరపాటైతే ప్రాణమే పోతుంది. గాజు పళ్ళెం, కింద తిరిగే చక్రం తీసుకోండి, అంతటితో సరి. పాత డబ్బా టీవీ కూడా అంతే. పిక్చర్ ట్యూబ్‌కి వేల వోల్టులు అందుతాయి, పైగా లోపల గాలి ఉండదు కాబట్టి పగిలితే గాజు పెంకులు చిమ్ముతాయి. ఫ్రిజ్‌లో అరలు, కూరల డబ్బా, గుడ్ల ట్రే తీసుకోండి, గొట్టాల జోలికి పోవద్దు. వెనక స్టిక్కర్ మీద ఆర్-600ఏ అని ఉంటే అందులో ఉన్నది ఐసోబ్యూటేన్, మన వంటగ్యాసు లాగే భగ్గుమనే వాయువు. ఆ గొట్టాన్ని సుత్తితో కొట్టే పని బండి కుర్రాడికి కూడా వదలకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత సామాను రీసైక్లింగ్ బాధ్యత తయారీదారుల మీద ఉంది. కొత్త ఫ్రిజ్ కొనేటప్పుడు పాతదాన్ని ఎక్కడికి పంపుతారో షాపువాళ్ళని నిలదీసి అడగండి.

రాగి కోసం వైర్లు కాల్చకండి, ఆ పొగ పక్కింటి పసిపిల్లలు కూడా పీలుస్తారు. పై తొడుగు బ్లేడుతో వొలిస్తే రాగి శుభ్రంగా వస్తుంది, ధర కూడా బాగా పలుకుతుంది.

నా చెయ్యి కోసిన ఆ కూలరులో నీళ్ళ పంపు మాత్రం చక్కగా ఉంది. వైరు ఎక్కడా చిట్లలేదని చూసుకుని, ప్లగ్గు తీసి ఉన్నప్పుడే డ్రమ్ములో దించుతాను. బియ్యం కడిగిన నీళ్ళు ఆ పంపే ఇప్పటికీ మా పెరట్లో కరివేపాకు చెట్టుకి ఎక్కిస్తోంది. నమస్కారం.