ఆఫీస్ అయ్యాక ఓపికే ఉండట్లేదా? బద్ధకం అనుకునే ముందు ఇది చూడండి

(సాయంత్రం. లైట్ వేయని గది, సోఫా, బూట్లు విప్పని కాళ్ళు)

హాయ్ అండీ. ఇంటికొచ్చి ఒక్క ఐదు నిమిషాలు అని సోఫాలో కూలబడతాం, బూట్లు కూడా విప్పం, ఫోన్ చేతిలోకొచ్చేస్తుంది, తలెత్తి చూస్తే తొమ్మిదిన్నర. పగలంతా ఆఫీస్‌లో పనులన్నీ చేసింది మనమే కదా, మరి ముచ్చటపడి కొనుక్కున్న గిటార్ ముట్టుకోడానికి చెయ్యి ఎందుకు రాదు? నాకు రెండేళ్ళు ఇలాగే గడిచిపోయాయి, ఆ రెండేళ్ళూ నన్ను నేనే తిట్టుకున్నా.

తిట్టుకోవాల్సిన విషయం కాదండీ ఇది. ఆఫీస్‌లో డెడ్‌లైన్ ఉంటుంది, అడిగేవాళ్ళుంటారు, ఇంట్లో అయితే ప్రతిదీ మనమే మొదలుపెట్టాలి, అసలు బరువంతా ఆ మొదలుపెట్టడంలోనే ఉంది. 2022లో పారిస్‌లో ఒక పరిశోధన చేశారు, గంటల తరబడి బుర్రకి కష్టమైన పని చేసినవాళ్ళ మెదడు ముందు భాగంలో గ్లుటమేట్ అనే కెమికల్ పేరుకుంటోందని, అప్పుడు వాళ్ళు శ్రమ లేకుండా వెంటనే చేతికొచ్చేదాని వైపే మొగ్గుతున్నారని తేలింది. సోఫాలో ఫోన్ అంటే అదే కదా!

(బ్లడ్ టెస్ట్ రిపోర్ట్ క్లోజప్)

కానీ నెలల తరబడి ఇలాగే ఉంటే ముందు ఒంటి సంగతి చూడండి, దయచేసి దీన్ని దాటెయ్యకండి. డాక్టర్‌ని కలిసి హిమోగ్లోబిన్, ఫెరిటిన్, థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, బి12, షుగర్ టెస్టుల గురించి అడగండి. హిమోగ్లోబిన్ నార్మల్ అని వదిలేస్తారు చాలామంది, ఐరన్ నిల్వలు అంతకుముందే తగ్గిపోయి ఉండొచ్చు, అది ఫెరిటిన్‌లో తెలుస్తుంది. గట్టిగా గురక పెడుతూ, ఎంత పడుకున్నా పొద్దున అలసటగానే లేస్తుంటే స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి మధ్యమధ్యలో ఆగిపోయే సమస్య, ఉందేమో చూపించుకోండి. కాఫీ కూడా, సాయంత్రం నాలుగింటికి తాగితే అందులో కెఫీన్ దాదాపు సగం రాత్రి తొమ్మిదికీ ఒంట్లోనే ఉంటుంది. నిద్ర కనీసం 7 గంటలు, ఇది మీకు తెలిసిందే.

రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ దిగులుగా ఉన్నా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా అది డిప్రెషన్ కావచ్చు, డాక్టర్‌తో మాట్లాడండి. బతకాలని లేదు అనిపిస్తుంటే మాత్రం ఇవాళే, ఇప్పుడే ఎవరికో ఒకరికి చెప్పండి, ఒంటరిగా ఉండకండి.

ఇక మూడ్ సంగతి. మూడ్ వస్తే చేద్దాం అని కూర్చుంటాం, అది రాదు. బిహేవియరల్ యాక్టివేషన్ అని డిప్రెషన్‌కి వాడే పద్ధతి ఒకటుంది, 1970ల్లో పీటర్ లెవిన్సన్ లాంటి సైకాలజిస్టులు మొదలుపెట్టింది, అందులో ముందు పని, మూడ్ దాని వెనకాల వస్తుంది. నేను చేసింది చెప్తా, గిటార్‌ని కవర్‌లోంచి తీసి గుమ్మం పక్కనే స్టాండ్ మీద పెట్టా, ఇంటికి రాగానే కూర్చోకుండా ఒక్క తీగ శ్రుతి చేస్తా, అంతే రూల్. చేసే ముందు మూడ్‌కి పదికి ఎన్నో ఒక నోట్‌బుక్‌లో రాస్తా, అయ్యాక మళ్ళీ రాస్తా. మొదటి రోజు ముందు 2, తర్వాత 4. కొన్ని రోజులు 2కి 2 కూడా ఉన్నాయి, అవీ అలాగే రాశా. మీది వాకింగ్ అయితే గేటు దాకా వెళ్ళి వచ్చినా లెక్కే.

(గుమ్మం పక్కన స్టాండ్, దాని మీద గిటార్)

ఇప్పుడు సోఫాలో పడుకునే చూస్తున్నారా? వీడియో ఇక్కడే ఆపేసి ముందు బూట్లు విప్పేయండి.