రేడియేటర్‌లో నీళ్ళు మాయమవుతున్నాయా? హెడ్ దించే ముందు ఇది చూడండి | పాత టాటా లారీ, కమిన్స్ ఇంజన్

నమస్తే అన్నలూ. ఈ రోజు మన ముందున్నది పాత టాటా 2515, పది టైర్ల బండి. లోపల 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల కమిన్స్ ఇంజన్. కంప్లైంట్ ఏంటంటే, రోజూ పొద్దున్నే రేడియేటర్‌లో రెండు మూడు లీటర్లు పోయాల్సి వస్తోంది, ఆగి ఉన్న చోట మాత్రం కింద ఒక్క చుక్క కూడా కనపడదు. దారిలో ఎవరికి చూపించినా హెడ్ గాస్కెట్ (ఇంజన్ హెడ్డుకీ బ్లాకుకీ మధ్య ఉండే సీలు) పోయింది, హెడ్ దించాల్సిందే అన్నారంట. హెడ్ దించడమంటే మాటలా? 26 బోల్టులు, గాస్కెట్ సెట్టు, ఫేసింగ్ (హెడ్డు అడుగు చదును చేయించడం), కూలీ, ఆ పైన బండి ఆగినన్ని రోజులూ కిరాయి పోతుంది, కిస్తీ మాత్రం ఆగదు. సరిగ్గా చూడకుండా ఓనర్‌తో ఇంత ఖర్చు పెట్టించడం అన్యాయం అని నేను గట్టిగా అనుకుంటాను.

ఒక జాగ్రత్త. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. గోనెసంచి కప్పి తిప్పితే ఏం కాదంటారు, నమ్మొద్దు. బయటి గాలి కన్నా 1 బార్ ఎక్కువ ప్రెషర్ కింద నీళ్ళు దాదాపు 120 డిగ్రీల దాకా మరగవు, మూత వదులైన క్షణంలో ఒక్కసారిగా మరిగి మొహం మీదకొస్తాయి. మనం చేసే చెకింగ్ అంతా పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే. చక్రాలకి చెక్కలు పెట్టండి.

తమ్ముడూ, లైటు ఇటు పట్టు. బయటి లీకులు చూడ్డానికి చుక్క కోసం వెతక్కండి, మరక కోసం వెతకండి. వేడి ఇంజన్ మీద పడ్డ కూలెంట్ ఆరిపోతుంది, కానీ తెల్లగానో పచ్చగానో ఒక పొర వదిలిపెడుతుంది. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంది చూడండి, అక్కడినుంచి కిందికి గీత దిగితే పంపు సీలు పోయినట్టే. ఈ బండికి పొడిగా ఉంది. హోస్ పైపుల క్లిప్పులు, బ్లాకు పక్కన డమ్మీ ప్లగ్గులు (బ్లాకు రంధ్రాలు మూసే రేకు బిళ్ళలు), రేడియేటర్ మూలలు అన్నీ వేలితో తడిమి చూశాం, ఏమీ లేదు. ఏళ్ళ తరబడి బోరు నీళ్ళే పోసిన బండ్లలో ఆ డమ్మీలు లోపలినుంచి తుప్పుపట్టి సూదిమొన అంత రంధ్రం పడతాయి, చీకట్లో లైటు వేస్తే తప్ప కనపడదు.

ప్రెషర్ టెస్టర్ ఉంటే మూత స్థానంలో బిగించి, మూత మీద రాసి ఉన్న ప్రెషర్ దాకా పంపు కొట్టి పదిహేను నిమిషాలు వదిలేయండి. అంతకు మించి కొడితే పాత రేడియేటర్ పగులుతుంది. మన బండిలో ముల్లు కొంచెం కూడా దిగలేదు. అంటే బయటికి లీకు లేదు.

ఇప్పుడు ఇక్కడ చూడండి, ఓవర్‌ఫ్లో పైపు చివర. దాని కింద చాసిస్ మీద పచ్చటి చారలు. ఇదీ అసలు సంగతి! బండి రోడ్డు మీద ఉన్నప్పుడు నీళ్ళు ఇక్కడినుంచి బయటికి పోతున్నాయి, అందుకే షెడ్డులో చుక్క దొరకట్లేదు. ఇలా పోవడానికి ముఖ్యంగా రెండు దారులు: మూత పట్టుకోలేకపోవాలి, లేదా లోపలినుంచి ఏదో గాలి నెడుతుండాలి. మూత కూడా టెస్టర్‌కి పెట్టి చూశాం, రబ్బరు మెత్తగా ఉంది, పట్టు నిలబడుతోంది. ఇక గాలే మిగిలింది.

మూత తీసి, నిండా పోసి, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేశాం. కొత్తగా నీళ్ళు పోశాక మొదట్లో కొన్ని బుడగలు రావడం మామూలే, ఇరుక్కున్న గాలి పోతుంది. కాసేపయ్యాక కూడా ఆగకుండా గుడగుడమని వస్తున్నాయి చూశారా? హెడ్ గాస్కెట్ పోతే సిలిండర్‌లోని గ్యాస్ నీళ్ళలోకి ఇలాగే వస్తుంది, అందుకే చాలామంది ఇక్కడే హెడ్ గాస్కెట్ అని తేల్చేస్తారు. ఆగండి. ఈ ఇంజన్‌కి ఎయిర్ బ్రేకుల కంప్రెసర్ ఉంది, దాని హెడ్డు కూడా ఇవే నీళ్ళతో చల్లబడుతుంది. కంప్రెసర్ గాస్కెట్ పోయినా, దాని హెడ్డు పగిలినా, గాలి నేరుగా రేడియేటర్‌లోకి వస్తుంది. పైనుంచి చూస్తే రెండు బుడగలూ ఒకేలా ఉంటాయి, తేడా తెలీదు.

తెలుసుకోవడం కష్టమేం కాదు. ఎయిర్ ట్యాంకుల డ్రెయిన్ కాక్‌లు (కింద ఉండే చిన్న కుళాయిలు) తెరిచి పెట్టాం, గాలి నిలవదు కాబట్టి కంప్రెసర్ మీద లోడు ఉండదు. బుడగలు బాగా తగ్గాయి చూడండి. ఖాయం చేసుకోవడానికి ఇంజన్ ఆపి, కంప్రెసర్‌కి వెళ్ళే నీళ్ళ పైపులు రెండూ విప్పి, ఒక హోస్ ముక్కతో ఒకదానికొకటి కలిపేశాం. ట్యాంకులు తెరిచే ఉంచి, ఐడిల్‌లో రెండు మూడు నిమిషాలే నడపండి, నీళ్ళు లేని కంప్రెసర్‌ని ఇలా ఎక్కువసేపు తిప్పకూడదు. ఇప్పుడు ఒక్క బుడగ లేదు. హెడ్ గాస్కెట్ బాగానే ఉంది! ఓనర్ అన్న మొహం చూడండి ఒకసారి.

బుడగలు అలాగే వస్తే మాత్రం నిజంగానే హెడ్ దారి పట్టాల్సిందే. చల్లటి ఇంజన్ మూత బిగించి స్టార్ట్ చేసిన కాసేపటికే, ఇంకా వేడెక్కకముందే పై హోస్ రాయిలా బిగుసుకుంటే అది కూడా అదే చెప్తుంది, కానీ కంప్రెసర్‌ని పక్కన పెట్టాకే ఆ మాట నమ్మండి.

ఇంకో దారి కూడా చూడాలి, ఆయిల్. రాత్రంతా నిలిపిన బండికి పొద్దున్నే సంపు (ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) బోల్టు మెల్లగా వదులు చేయండి, పూర్తిగా తీయొద్దు. నీళ్ళు ఆయిల్ కన్నా బరువు, ఉంటే ముందు అవే కారతాయి. ఈ ఇంజన్‌లో ఆయిల్ కూలర్ బ్లాకులోనే నీళ్ళ మధ్య కూర్చుంటుంది. అది చిల్లుపడితే నడిచేటప్పుడు ఆయిల్ ప్రెషర్ ఎక్కువ కాబట్టి ఆయిల్ నీళ్ళలోకి వస్తుంది, ఆపాక నీళ్ళు ఆయిల్‌లోకి దిగుతాయి. అందుకే రేడియేటర్‌లో జిడ్డు తేలితే హెడ్ కన్నా ముందు కూలర్ చూడండి.

పొద్దున్నే సెల్ఫ్ కొడితే ఇంజన్ టక్కున ఆగిపోయిందనుకోండి, మళ్ళీ మళ్ళీ కొట్టకండి. సిలిండర్‌లో నీళ్ళు చేరి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇంజెక్టర్లు తీసి చేత్తో తిప్పి చూడాలి.

ఈ బండికి కంప్రెసర్ హెడ్డు విప్పి, పగులు ఉందో లేదో చూసి, గాస్కెట్ వేస్తాం. తర్వాత కూలెంట్ నెమ్మదిగా పోసి, థర్మోస్టాట్ తెరుచుకునే దాకా నడిపి, చల్లారాక మళ్ళీ లెవెల్ చూసుకోవాలి. వేడి తగ్గని ఇంజన్‌లో చల్లటి నీళ్ళు పోస్తే మంచి హెడ్డు కూడా పగులుతుంది. తీసిన పాత కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం, కుక్కలు తాగేస్తాయి, డబ్బాలో పట్టి మూత పెట్టండి.

మీ బండిలో బుడగలు ఉంటే, ట్యాంకులు తెరిచినప్పుడు తగ్గాయా లేదా అన్నది కామెంట్‌లో రాయండి, మోడల్ కూడా చెప్పండి, చూసి జవాబిస్తాను.