చికిత్స తర్వాత నెలసరి ఆగితే

శ్రోతలకు నమస్కారం. సంతానం కోసం మందులు వాడిన తర్వాత నెలసరి రాకపోవడం, వచ్చినా తేదీలు తప్పడం గురించి ఈరోజు మాట్లాడుకుందాం. రేడియో దగ్గర మగవాళ్లు ఉంటే లేచి వెళ్లనక్కర్లేదు. ఇది మీరూ వినవలసిన విషయమే.

మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల వాళ్లకు ఈ చికిత్సలో ఒక చిక్కు ఉంది. ఒంగోలులోనో కావలిలోనో పినాకిని రైలు ఎక్కి చెన్నై వెళ్తారు. కనిగిరి, పొదిలి వైపు వాళ్లు గుంటూరో హైదరాబాదో పోతారు. ఇంజెక్షన్లు అక్కడ, ఫైలు అక్కడ. ఇంటికి వచ్చాక నెలసరి ఆలస్యమైతే చూపించుకునేది మాత్రం దగ్గర్లో ఉన్న డాక్టరుకు. "ఏం మందు వాడారమ్మా?" అని అడిగితే "తెల్లటి మాత్రండీ, రాత్రిపూట" అంటారు. ఆ మాత్ర ఏదో తెలియకుండా నెలసరి ఎందుకు ఆగిందో చెప్పడం ఎంత పెద్ద డాక్టరుకైనా కష్టమే.

ఎందుకంటే వాటిలో కొన్ని మందులు నెలసరిని ఆపి ఉంచేవే. అండం విడుదలయ్యాక, లేదా పిండాన్ని గర్భసంచిలో ఉంచేటప్పుడు ప్రొజెస్టిరాన్ అనే హార్మోను ఇస్తారు. మింగే మాత్ర కావచ్చు, యోనిలో పెట్టుకునే గుళిక కావచ్చు, నూనె ఇంజెక్షను కావచ్చు. గర్భసంచి లోపలి పొర రాలిపోకుండా పట్టి ఉంచడం దాని పని. అది వాడుతున్నన్నాళ్లూ గర్భం లేకపోయినా చాలామందికి నెలసరి రాదు. ఇంట్లో అత్తగారు క్యాలెండరు చూసి చుట్టాలకు ఫోన్లు చేయడం మొదలుపెడతారు. రక్తపరీక్షలో గర్భం లేదని తేలి, డాక్టరు మందు ఆపమన్నాక, సాధారణంగా వారంలోపు, కొందరికి పది రోజులకు నెలసరి వస్తుంది. కాబట్టి రోజులు లెక్కపెట్టవలసింది మందు ఆపిన తేదీ నుంచి. కిందటి నెల తేదీ ఇక్కడ లెక్కకు రాదు. రెండు వారాలు దాటినా రాకపోతే మళ్లీ పరీక్ష చేయించుకోండి.

ఇంట్లో చేసుకునే మూత్రపరీక్షతో ఇంకో తిరకాసు. అండం విడుదల కావడానికి చాలామందికి హెచ్‌సీజీ ఇంజెక్షను వేస్తారు. గర్భం నిలిచినప్పుడు ఒంట్లో తయారయ్యేదీ ఆ హార్మోనే, పరీక్ష పట్టీ వెతికేదీ దాన్నే. అందుకే ఇంజెక్షను వేసిన పది, పద్నాలుగు రోజుల్లోపు పట్టీ మీద పడిన రెండో గీత ఆ మందు వల్ల పడినది కావచ్చు. ఆ గీత చూసి వీధంతా మలై కాజాలు పంచేసి, వారం తర్వాత నెలసరి వస్తే, మాటలు పడేది ఆ పిల్లే కదా! డాక్టరు చెప్పిన తేదీన రక్తపరీక్ష చేయించుకునేదాకా నోరు కట్టుకోవడం మేలు.

అండం ఎదిగి విడుదల కావడానికి వాడే లెట్రోజోల్, క్లోమిఫీన్ మాత్రలు ఎక్కువగా ఐదు రోజులే ఇస్తారు. వాటితో అండం ఆలస్యంగా విడుదలైతే నెలసరీ ఆలస్యమవుతుంది, ఎందుకంటే అండం విడుదలైన సుమారు రెండు వారాలకే నెలసరి వస్తుంది. పీసీఓఎస్, అంటే హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య ఉండి, మొదటినుంచీ రెండు నెలలకో మూడు నెలలకో ఒకసారి నెలసరి అయ్యేవాళ్లు మందులు మానేయగానే పాత పద్ధతికే వెళ్లిపోతారు. "చికిత్స చేయించాకే చెడింది" అని వాళ్లు నమ్ముతారు. మందు ఆ నెలకు అండం విడుదల చేయించింది, అంతే. అయితే అలాగే ఊరుకోకూడదు. గర్భం లేకుండా మూడు నెలలు నెలసరి రాకపోతే డాక్టరును కలవండి. ఏళ్ల తరబడి వదిలేస్తే లోపలి పొర మందమై, కొందరిలో క్యాన్సరుకూ దారితీస్తుంది. థైరాయిడ్, పాలు పడేలా చేసే హార్మోను ప్రొలాక్టిన్ పరీక్షలు కూడా అప్పుడే చేయించుకోవచ్చు.

ఐవీఎఫ్, అంటే ల్యాబులో పిండాన్ని తయారుచేసి గర్భసంచిలో ఉంచే చికిత్స, ఫలించని వాళ్లకు మొదటి నెలసరి ఎక్కువగానో, గడ్డలతోనో రావచ్చు. తర్వాతిది ఆలస్యం కావచ్చు. రెండు మూడు నెలల్లో సర్దుకుంటుంది. ఈలోగా ఒక భయం పట్టుకుంటుంది: ఆ సూదులకు నా అండాలన్నీ అయిపోయాయేమో, ముట్లు ఆగిపోతాయేమో అని. అలా జరగదు. మందులు వాడినా వాడకపోయినా ప్రతి నెలా అండాశయంలో చాలా అండాలు ఎదగడం మొదలుపెడతాయి. ఒకటి మాత్రమే పండి విడుదలవుతుంది, మిగిలినవి కరిగిపోతాయి. ఇంజెక్షన్లు చేసేది ఎండిపోబోయే ఆ నారుకు నీళ్లు పెట్టడమే. వచ్చే నెలల అండాలను అవి ముట్టుకోవు. ముందునుంచే అండాలు తక్కువగా ఉన్నవాళ్లకు నెలసరి తప్పుతుంటే దానికి మూలం ఆ లోపంలోనే వెతకాలి.

గర్భస్రావమై గర్భసంచి శుభ్రం చేయించుకున్నవాళ్లకు నాలుగు నుంచి ఆరు వారాల్లో నెలసరి రావాలి. రాకపోయినా, మునుపటికన్నా బాగా తగ్గినా చెప్పండి. లోపలి గోడలు అతుక్కుని ఉండవచ్చు. మన దేశంలో గర్భసంచి క్షయ కూడా ఇలాగే కనిపిస్తుంది.

నువ్వులు, బెల్లం తింటే వస్తుందంటారు. తినండి, ఒంటికి మంచిదే, నెలసరికి మాత్రం హామీ లేదు. నాకు కోపం తెప్పించేది మందుల షాపులో అడిగి తెచ్చుకునే "ముట్టు వచ్చే మాత్ర". అది గర్భం పోగొట్టే మాత్ర అయితే? ఏళ్లు ఎదురుచూసిన గర్భాన్ని తెలియక చేతులారా పోగొట్టుకున్నట్టే. ఒకసారి చికిత్స ఫలించకపోయినా, ఆ తర్వాత మామూలుగా గర్భం రావడమూ ఉంది. మొహర్రం సమయంలో నెల్లూరు రొట్టెల పండుగకు వెళ్లి, స్వర్ణాల చెరువులో సంతాన రొట్టె అందుకున్న అక్కలకూ ఇదే మాట. రొట్టె మీద నమ్మకం మీది, కాదనను. మాత్రల్లో ఏది కొనసాగించాలో, ఏది మానాలో మాత్రం డాక్టరును అడగండి.

ఆసుపత్రి వదిలేముందు మందుల పేర్లు, మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ, పిండం ఉంచిన తేదీ రాసిన కాగితం అడిగి తీసుకోండి. దాన్ని ఫోనులో ఫోటో తీసి భర్త ఫోనుకూ పంపండి.

ఇక ఆగకూడని సందర్భాలు. నెలసరి ఆలస్యమై, పొత్తికడుపులో ఒకపక్క నొప్పి, భుజం నొప్పి, కళ్లు తిరగడం ఉంటే గర్భం గర్భసంచిలో కాకుండా, అండం వచ్చే గొట్టంలో నిలిచి ఉండవచ్చు. కాస్త రక్తం కనిపించిందని నెలసరే అనుకోవద్దు. ఇంజెక్షన్ల తర్వాత పొట్ట ఉబ్బి, వాంతులై, మూత్రం తగ్గి, ఆయాసం వస్తే అదీ అంతే ప్రమాదం. చెన్నై డాక్టరు ఫోను ఎత్తేదాకా చూడకుండా, అర్ధరాత్రయినా 108కి ఫోను చేసి దగ్గర్లోని పెద్దాసుపత్రికి వెళ్లండి. అక్కడ మొదటి మాటగానే సంతానం కోసం మందులు వాడామని చెప్పండి.