దరఖాస్తు పెట్టుకుంటేనే క్షమాభిక్షా?

అధ్యక్షులవారికీ, వేదికపై ఉన్న పెద్దలకూ, న్యాయశాస్త్ర విద్యార్థులకూ నమస్కారం. క్షమాభిక్ష అధికారం గురించి మాట్లాడమన్నారు కనుక మన రాజ్యాంగంలోని 72, 161 అధికరణలను వివరిస్తానని మీరు అనుకుని ఉంటారు. వాటిని మీ అధ్యాపకులు నాకంటే బాగా చెప్తారు. వియత్నాం యుద్ధకాలంలో సైన్యంలో చేరమన్న ఉత్తర్వును కాదన్న అమెరికా యువకుల సంగతి ఒక్కటే నేను చెప్తాను. దయ చూపుతానన్న ప్రభుత్వం ముందు దరఖాస్తు ఎందుకు అడుగుతుందన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా వేధిస్తోంది.

1969 డిసెంబరు 1న వాషింగ్టన్‌లో ఒక గాజు జాడీలో 366 నీలిరంగు ప్లాస్టిక్ గుళికలు పోసి, ఒక్కొక్కటే బయటికి తీసి, లోపలి చీటీ మీద ఉన్న పుట్టినతేదీని బట్టి ఎవరు ముందు సైన్యంలోకి వెళ్లాలో తేల్చారు. మొదట వచ్చిన తేదీ సెప్టెంబరు 14. ఆ రోజున పుట్టడం తప్ప ఆ కుర్రాళ్లు చేసుకున్న పాపమేమీ లేదు. పైగా కాలేజీలో చదువుతున్నవాడికి వాయిదా దొరికింది, చదువుకునే స్తోమత లేనివాడికి దొరకలేదు. కాదన్నవారిలో కొందరు జైలుకు వెళ్లారు, కొందరు కెనడా చేరారు.

1974 సెప్టెంబరు 16న అధ్యక్షుడు ఫోర్డ్ వీరికి ఒక దారి చూపించారు. దేశానికి విధేయుడినని సంతకం చేసి, రెండేళ్లకు మించకుండా ప్రజాహితమైన పని చేస్తే కేసు ఎత్తివేస్తామన్నారు. జనవరి 31తో ముగియవలసిన గడువును మార్చి 31 వరకూ పొడిగించినా, అర్హుల్లో అత్యధికులు దరఖాస్తే పెట్టలేదు. ఎందుకు పెడతారు? ఈ దారి చూపడానికి ఎనిమిది రోజుల ముందే, సెప్టెంబరు 8న, అదే ఫోర్డ్ వాటర్‌గేట్ కుంభకోణంలో పదవి వదులుకున్న మాజీ అధ్యక్షుడు నిక్సన్‌కు సంపూర్ణ క్షమాభిక్ష ప్రసాదించారు. అక్కడ అభియోగ పత్రం లేదు, విచారణ లేదు, రెండేళ్ల సేవ అసలే లేదు. విద్యార్థులారా, ఈ రెండు తేదీలనూ పక్కపక్కన రాసుకోండి! క్షమాభిక్షను స్వీకరించడమంటే నేరాన్ని ఒప్పుకోవడమేనని 1915లో బర్డిక్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు అన్న మాటలను ఫోర్డ్ తరువాతి కాలంలో తన పర్సులో పెట్టుకుని తిరిగేవారు. పర్సులో ఆ కాగితం ఉంటే నిక్సన్ నేరం ఒప్పుకున్నట్టేనని ఆయన సమాధానపడి ఉండవచ్చు. నేను మాత్రం సమాధానపడలేను.

ఫోర్డ్ తరువాత అధ్యక్షుడైన కార్టర్ పద్ధతి వేరు. పదవి చేపట్టిన మరునాడే, 1977 జనవరి 21న, 1964 ఆగస్టు 4 నుంచి 1973 మార్చి 28 వరకూ నిర్బంధ సైనిక సేవా చట్టాన్ని ఉల్లంఘించినవారిని, హింసకు పాల్పడినవారినీ ఆ చట్టాన్ని అమలుచేసే వ్యవస్థలోని ఉద్యోగులనూ మినహాయించి, అందరినీ ఒక్క ప్రకటనతో క్షమించారు. శిక్ష పడినవారు తమ చేతిలో ధ్రువపత్రం ఉండాలనుకుంటే దాని కోసం న్యాయశాఖకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ దరఖాస్తు మీద నాకు అభ్యంతరం లేదు, ఎందుకంటే అది ముందే ఇచ్చేసినదానికి రసీదు మాత్రమే.

నా అభ్యంతరమల్లా ఆ ప్రకటనలో చోటు దొరకనివారి గురించి. సైన్యంలో చేరి మధ్యలో విడిచిపోయినవారిలో బడి చదువైనా పూర్తిచేయని పేదలు చాలామంది. సైన్యం నుంచి వారిని పంపేస్తూ ఇచ్చిన విడుదల పత్రాల మీద మచ్చ అలాగే ఉండిపోయింది. అదే ఏడాది ఆ పత్రాలను సమీక్షించే ఏర్పాటు ఒకటి చేశారు గానీ, అందులోనూ ఎవరికి వారు అర్జీ పెట్టుకోవలసిందే. అలా పత్రం మెరుగుపడినా మాజీ సైనికుల సౌకర్యాలు వాటంతట అవి రాకుండా, మరొకసారి పరిశీలించాలంటూ అక్టోబరులో కాంగ్రెస్ చట్టం చేసింది.