స్టీరింగ్ బిగుతుగా ఉంటే బోటు గట్టు దాటించకండి

హాయ్ అండీ, నమస్తే. ఇవాళ అమెరికాలో, జార్జియాలోని లేక్ లానియర్ దగ్గరున్నాం. 1950లలో చట్టహూచీ నది మీద బ్యూఫోర్డ్ డ్యామ్ కట్టాక ఏర్పడిన సరస్సు ఇది. ఈ పక్కనే కమ్మింగ్ ఊళ్లో ఉన్న మన తెలుగువాళ్లకి వేసవి వచ్చిందంటే శనాదివారాలు ఇక్కడే.

వెనకాల కనిపిస్తున్నది మా బోటు. 19 అడుగులు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. పోయిన నెల నీళ్ల మధ్యలో దీని స్టీరింగ్ పోయింది. బోట్లో మా ఇద్దరు పిల్లలు, రాజోలు నుంచి వచ్చిన మామయ్యగారు ఉన్నారు.

ఆ రోజు బయల్దేరేటప్పుడే చక్రం బిగుతుగా తిరిగింది. "చలికాలమంతా కదల్లేదుగా, నాలుగుసార్లు తిప్పితే వదులవుతుందిలే" అన్నారు మావారు. నేనూ సరే అనుకున్నాను. మేం ఆగాల్సింది అక్కడే. మా బోటు మళ్లాలంటే వెనకున్న ఇంజనే పక్కలకి తిరగాలి. దాన్ని తిప్పడానికి చక్రం నుంచి ఇంజన్ దాకా గొట్టంలో ఉక్కు కేబుల్ ఉంటుంది. సైకిల్ బ్రేకు వైరులాంటిదే, కాకపోతే ఇది లాగడమే కాదు, నెడుతుంది కూడా. లోపలికి తేమ చేరితే తుప్పు ఉబ్బి పట్టేస్తుంది. బలవంతంగా తిప్పుతూ పోతే ఏదో ఒక రోజు తెగుతుంది.

మలుపులో చక్రం ఒక్కసారిగా తేలికైపోయింది. ఎంత తిప్పినా బోటు తన దారినే పోతోంది. మావారు వేగం తగ్గించి న్యూట్రల్‌కి తెచ్చి ఇంజన్ ఆపేశారు. ఒక్కసారిగా ఆపితే మనుషులు ముందుకి పడతారు, వెనక అల కూడా బోట్లోకి వస్తుంది. పిల్లలకి లైఫ్ జాకెట్లు ముందే ఉన్నాయి. జార్జియాలో బోటు కదులుతున్నంతసేపూ 13 ఏళ్లలోపు పిల్లలు వేసుకోవాల్సిందే. పెద్దవాళ్లం మాత్రం అప్పుడు వేసుకున్నాం.

లంగరు వేశాం. తాడంతా అయిపోయినా అడుగు తగల్లేదు. అప్పుడు నాకు నిజంగా టెన్షన్ వచ్చింది. మామయ్యగారే తెడ్డు తీసి, "చుక్కాని పోతే వెనక తెడ్డేసి మళ్లిస్తారమ్మా, మా గోదావరిలో చూశాను" అంటూ వెనక్కి వెళ్లబోయారు. నీళ్లలో తిరిగే రెక్కలు, అదే ప్రొపెల్లర్, అక్కడే ఉంటుంది కాబట్టి, ఇంజన్ ఆగి ఉన్నంతసేపే ఆయన్ని అక్కడ ఉండనిచ్చాం. ఈలోగా మావారు స్పానర్‌తో కేబుల్‌ని ఇంజన్‌కి కలిపే లింక్ రాడ్ విప్పారు. దాంతో ఇంజన్‌ని చేత్తోనే పక్కలకి మళ్లించడానికి వీలైంది. మళ్లీ స్టార్ట్ చేసే ముందు మామయ్యగారిని ముందుకి పిలిచి కూర్చోబెట్టాం. ఐడిల్‌లో, నడిచేంత వేగంతో దగ్గర్లోని ఒడ్డుకి చేరాం. అదీ కుదరకపోతే చేతులు రెండూ చాచి మెల్లగా పైకీ కిందకీ ఊపాలి. ఆపదలో ఉన్నామని అటుగా వెళ్లే బోటువాళ్లకి అది గుర్తు.

తర్వాత కేబుల్ కొత్తది వేయించాం. గ్రీజు పెట్టాలంటే ముందు కేబుల్ చివరుండే రాడ్ పూర్తిగా గొట్టం లోపలికి పోయేలా చక్రం తిప్పాలి, ఆ తర్వాతే గ్రీజు. హైడ్రాలిక్ స్టీరింగ్, అంటే కేబుల్ బదులు ఆయిల్ ఒత్తిడితో తిరిగేది, ఉన్నవాళ్లు ఆయిల్ తగ్గిందేమో, లోపలికి గాలి చేరిందేమో చూసుకోండి. ఇప్పుడు మా బోట్లో స్పానర్, ఇంకాస్త పొడుగు తాడు ఎప్పుడూ ఉంటాయి.

మామయ్యగారు వచ్చే వారం ఇండియా వెళ్లిపోతున్నారు. ఇవాళ ఆయన్ని మళ్లీ ఎక్కిస్తున్నాం. గట్టు దగ్గరే మావారు చక్రాన్ని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తిప్పుతుంటే, ఇంజన్ సరిగ్గా తిరుగుతోందో లేదో చూసే పని ఆయనే తీసుకున్నారు.